మా లేఅవుట్‌లో వచ్చింది టోర్నడోనా? పడిన చెట్లను, ఎగిరిన రేకులను చూసి గాలి వేగం ఎలా కడతారు?

మీ ప్రశ్న క్లుప్తంగా: బెంగళూరులో కె.ఆర్. పురం దాటాక ఒక లేఅవుట్‌లో ఉంటున్నారు. పోయిన శనివారం సాయంత్రం పది నిమిషాల గాలివానకు 14 చెట్లు పడ్డాయి, మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీది రేకుల షెడ్డు ఎగిరి పక్క ఖాళీ సైట్‌లో పడింది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఇది ఈఎఫ్2 టోర్నడో, గంటకు 200 కిలోమీటర్ల గాలి" అని తేల్చేశారు. అది నిజమేనా, ఆ అంకె ఎలా కడతారు, మనమే సర్వే చేసుకోవచ్చా, ఇన్సూరెన్స్‌కి పనికొస్తుందా అని అడిగారు.

నేను సివిల్ ఇంజనీర్‌ని. సొంతూరు మదనపల్లె దగ్గర, బెంగళూరు వచ్చి 22 ఏళ్లు. గాలికి పడిన షెడ్లు, హోర్డింగులు, గోడలు చూసి అవి ఎందుకు పడ్డాయో రిపోర్టు రాయడం నా పనిలో సగం. 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను తర్వాత చెన్నైలో మూడు వారాలు ఉండి ఇదే పని చేశాను.

సూటిగా చెప్పాలంటే, మీరు రాసినదాన్ని, పెట్టిన నాలుగు ఫోటోలను బట్టి అది టోర్నడో కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఉరుముల మబ్బులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి కూలి, నేలను కొట్టి పక్కలకు పరుచుకుంటుంది. దాన్ని డౌన్‌బర్స్ట్ అంటారు. వేగం 200 కాదు, నా అంచనాలో 80 నుంచి 110 మధ్య. ఇక ఇన్సూరెన్స్‌కి ఆ టోర్నడో అనే పేరుతో పనే లేదు. అది తర్వాత చెబుతాను.

ముందు ఒక మాట. టీవీల్లో టోర్నడో అనడానికి "సుడిగాలి" అంటుంటారు. మన ఊళ్లలో సుడిగాలి అంటే ఎండాకాలం మధ్యాహ్నం దుక్కి చేలో దుమ్ము, ఎండుటాకులు లేపుకుంటూ పోయేది. దానికి మబ్బుతో సంబంధం లేదు. టోర్నడో మబ్బు నుంచి నేల దాకా దిగే సుడి. మీ గ్రూపులో "గిర్రున తిరగడం కళ్లారా చూశాను" అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులో ఏ గాలైనా గిర్రుమనే తిరుగుతుంది, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు నాలుగో అంతస్తు దాకా లేస్తాయి. "రైలు వచ్చినట్టు చప్పుడు" కూడా అంతే. గట్టి గాలి ఏదైనా అలాగే వినిపిస్తుంది.

అందుకే మేం ముందు చూసేది పడిన దిక్కు. ఎంత పడిందన్నది తర్వాత.

బిందెడు నీళ్లు గచ్చు మీద ఒక్కసారి కుమ్మరించండి. పడిన చోటి నుంచి నాలుగు పక్కలకూ చిమ్ముతాయి. డౌన్‌బర్స్ట్ కింద చెట్లూ అలాగే, ఒకచోటి నుంచి విసనకర్రలా విచ్చుకున్నట్టు పడతాయి. మబ్బు కదులుతూ ఉంటే ఆ విసనకర్ర ఒక పక్కకే సాగి, దాదాపు అన్నీ ఒకే దిక్కుకు వరసగా పడినట్టు కనిపిస్తాయి. టోర్నడో అయితే సన్నటి పట్టీలా పోతుంది. ఆ పట్టీకి అటూ ఇటూ ఉన్న చెట్లు మధ్య గీత వైపు తలలు పెట్టి పడతాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా ఉంటాయి. పట్టీ నుంచి వంద మీటర్లు దాటితే ఆకు కూడా రాలి ఉండకపోవచ్చు.

ఈ తేడా పట్టుకున్నది జపాన్‌లో పుట్టి షికాగోలో పనిచేసిన వాతావరణ శాస్త్రవేత్త ఫుజిటా. టోర్నడోల తీవ్రతకు ఎఫ్ స్కేల్ పెట్టింది కూడా ఆయనే, 1971లో. 1945లో నాగసాకి మీద అణుబాంబు పడ్డాక అక్కడికి వెళ్లి చూసినవాళ్లలో ఆయనొకరు. ఆయన ఉండే ప్రాంతంలోని కొకురానే ఆ రోజు అసలు గురి, పైనుంచి ఊరు కనపడక విమానం నాగసాకికి మళ్లింది. పేలుడు జరిగిన చోటు కింద చెట్లు నిలబడే ఉండి, చుట్టూ ఉన్నవి బయటి వైపుకు పడి ఉండటం ఆయన గమనించారు. దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత, 1974 ఏప్రిల్‌లో అమెరికాలో ఒకటిన్నర రోజు లోపే 148 టోర్నడోలు వచ్చినప్పుడు, విమానంలోంచి కింద అడవి చూస్తుంటే కొన్నిచోట్ల అదే నక్షత్రం ఆకారం కనిపించింది. ఇది సుడి చేసిన పని కాదు, పైనుంచి పడిన గాలి చేసిన పని అన్నారు. 1975లో న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో దిగబోతూ ఒక విమానం కూలినప్పుడు కూడా కారణం అదేనన్నారు. చాలామంది నమ్మలేదు. 1978లో రాడార్లు పెట్టి పట్టుకున్నాకే ఒప్పుకున్నారు.

కాబట్టి మీ చేతిలో ఫోన్ ఉంటే చాలు. పడిన ప్రతి చెట్టు దగ్గరా వేరు వైపు నిలబడి, కొన వైపు ఫోన్ పెట్టి, కంపాస్‌లో అంకె రాసుకోండి. లేఅవుట్ ప్లాన్ మీద ఒక్కో చెట్టుకు ఒక్కో బాణం గుర్తు గీయండి. 14 బాణాలు గీసేసరికి బొమ్మ దానంతటదే తెలుస్తుంది. మీ ఫోటోల్లో మూడు చెట్లు గుర్తుపట్టగలిగాను, మూడూ దాదాపు తూర్పుకే పడ్డాయి. పైగా వాన కంటే ముందు ఒక్కసారిగా చల్లబడిందని రాశారు. అది కింద పడిన గాలి లక్షణం.

కానీ చెట్లూ అబద్ధం చెబుతాయి. బెంగళూరు చెట్లయితే మరీనూ.

మీ రెండో ఫోటోలో గుల్‌మొహర్ ఉంది కదా, దాని వేళ్ల దగ్గర ఒకసారి పెద్దది చేసి చూడండి. రోడ్డు వైపు వేళ్లు నిటారుగా, కత్తితో కోసిన కేకులా ఒకే వరసలో తెగి ఉన్నాయి. ఆ తెగిన మొనలు నల్లగా, మెత్తగా ఉన్నాయంటే అవి శనివారం తెగినవి కావు, ఫుట్‌పాతో కాలువో తవ్వినప్పుడు ఏ రెండేళ్ల కిందటో తెగినవి. గాలికి తెగిన వేరు పీచులు పీచులుగా చీలి, లోపల తెల్లగా పచ్చిగా ఉంటుంది. రోడ్డు వైపు వేళ్లు లేని చెట్టును పట్టుకునేవి ఇంటి వైపు వేళ్లే. రోడ్డు వైపు నుంచి గాలి తోస్తే పట్టి లాగడానికి అక్కడ ఏమీ లేదు, సులువుగా ఇంటి మీదికే ఒరుగుతుంది. అలాంటి చెట్టు గాలి గురించి సాక్ష్యం చెప్పదు, కాలువ తవ్వినవాళ్ల గురించి చెబుతుంది. దాని బాణం గీయండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. కేబుల్ వైర్లు లాగి పడేసినవి, ముందే ఒక పక్కకు వాలి ఉన్నవి కూడా అంతే.

ఎన్ని పడ్డాయన్న లెక్కా ఏమీ తేల్చదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం దాదాపు 50 వేల చెట్లు పడ్డాయి. చాలా తెలుగు చానళ్లు టోర్నడో అన్నాయి. నేను అక్కడికి వెళ్లలేదు కాబట్టి అవునో కాదో అనను. సంఖ్య చూసి మాత్రం ఎవరూ తేల్చలేరు, పైనుంచి తీసిన ఫోటోల్లో ఆ చెట్లు ఎటెటు పడ్డాయో గీసి చూడాల్సిందే. మన దేశానికి టోర్నడోలు రావా అంటే వస్తాయి. బెంగాల్, ఒడిశా వైపు అవి తెలిసినవే. పక్కనే బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న ఒక్క టోర్నడోకు సుమారు 1,300 మంది పోయారు. బెంగళూరుకు రానే రాదని ఎవరూ అనలేరు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ పడే గాలివాన దెబ్బ మాత్రం దాదాపు ఎప్పుడూ పైనుంచి కూలిన గాలిదే.

ఇప్పుడు ఆ "ఈఎఫ్2" సంగతి.

ఈఎఫ్ స్కేల్ అంటే ఎఫ్ స్కేల్‌ని సరిదిద్ది 2007 నుంచి అమెరికాలో వాడుతున్నది. 0 నుంచి 5 దాకా ఉంటుంది. ఈఎఫ్0 అంటే గంటకు 105 నుంచి 137 కి.మీ., ఈఎఫ్1 అంటే 138 నుంచి 177, ఈఎఫ్2 అంటే 178 నుంచి 217. ఈఎఫ్5 అంటే 322 దాటినట్టు. ఇవి మూడు సెకన్ల పాటు వీచిన గాలి విసురు వేగాలు. చాలామంది దీన్ని గాలిని కొలిచే స్కేల్ అనుకుంటారు. ఇది కొలిచేది నష్టాన్ని, గాలి వేగం దాన్నుంచి కట్టిన అంచనా. 2013 మే 31న ఓక్లహామాలోని ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో 4 కిలోమీటర్లకు పైగా వెడల్పు. కదిలే రాడార్లు అందులో గంటకు 450 కి.మీ. పైగా గాలి పట్టాయి. అయినా దానికి దక్కిన రేటింగ్ ఈఎఫ్3. ఎందుకంటే అది పోయింది ఎక్కువగా పొలాల మీదుగా, ఆ వేగాన్ని రుజువు చేసే కట్టడం ఏదీ దారిలో లేదు.

అంచనా ఎలా కడతారంటే, ఇళ్లు, స్కూళ్లు, స్తంభాలు, చెట్లు ఇలా 28 రకాల వస్తువుల జాబితా ఉంది. ఒక్కో దానికి కొంచెం దెబ్బ నుంచి పూర్తి నాశనం దాకా మెట్లు. ఒక్కో మెట్టుకు మూడు వేగాలు: మామూలుగా అనుకోవాల్సింది, కింది హద్దు, పై హద్దు. గట్టి కలప చెట్టు వేళ్లతో సహా లేచిందనుకోండి, మామూలు అంచనా గంటకు 146 కి.మీ., కింది హద్దు 122. నేల నానిపోయి, వేళ్లు కోసేసి ఉన్న చెట్టుకు 146 రాయడం అన్యాయం, 122 రాయడానికి కూడా నేను వెనకాడతాను. కాండం మధ్యలో విరిగిందంటే మాత్రం ఆగి చూస్తాను. దానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి, లోపల పుచ్చి ఉంటే తప్ప. మీ 14లో కాండం విరిగినవి ఎన్ని, వేళ్లతో లేచినవి ఎన్ని అన్నది మీరు రాయలేదు. అది నాకు ముఖ్యం.

ఇంకో చిక్కుంది. ఆ జాబితాలోని ఇల్లు చెక్క ఫ్రేము ఇల్లు. మన ఇల్లు కాంక్రీటు స్తంభాలు, సాలిడ్ బ్లాకు గోడలు. అక్కడి పట్టిక తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు. జపాన్ వాళ్లు ఈ ఇబ్బంది గుర్తించే 2016 నుంచి తమ సొంత స్కేల్ పెట్టుకున్నారు, అందులో రోడ్డు పక్కన ఉండే కూల్‌డ్రింకుల వెండింగ్ మిషన్, సమాధి రాయి కూడా వస్తువుల కింద ఉన్నాయి. వాళ్ల వీధుల్లో ఉండేవి అవి మరి. మన వీధులకైతే సింటెక్స్ ట్యాంకు, సోలార్ హీటర్, కాంపౌండ్ గోడ, రేకుల షెడ్డు కావాలి. అలాంటి పట్టిక లేనప్పుడు మేం చేసేది, వస్తువును పట్టుకుని లెక్క వెనక్కి వేయడమే.

మీ షెడ్డుతోనే వేసి చూపిస్తాను. 20 అడుగులకు 15 అడుగులు అన్నారు, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశపు కోడ్ ఐఎస్ 875 మూడో భాగం, అందులో లెక్క సులువు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకు 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు. 25 ఇంటూ 25 ఇంటూ 0.6 అంటే 375 న్యూటన్లు, మనకు అర్థమయ్యే భాషలో చదరపు మీటరుకు 38 కిలోలు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న షెడ్డులో గాలి కిందినుంచి దూరి ఎత్తుతుంది, పైనుంచి లాగుతుంది. తక్కువలో తక్కువ వేసుకున్నా మొత్తం మీద టన్ను పైన ఎత్తుడు. రేకులు, ఇనుప పైపులు కలిపి షెడ్డు బరువు 350 కిలోలు ఉంటే గొప్ప. మిగతా 700 కిలోలు ఆపాల్సింది ఆరు స్తంభాల కింది బోల్టులు.

ఆ బోల్టులు ఎక్కడ దిగాయి? మీ మూడో ఫోటోలో బేస్ ప్లేటు, అంటే స్తంభం అడుగున ఉండే ఇనుప పలక, బోల్టులతో సహా లేచి వచ్చింది, బోల్టు చుట్టూ గుండ్రంగా సిమెంటు పెచ్చు అంటుకుని ఉంది. అంటే బోల్టు స్లాబులోకి దిగలేదు, పైన వాటర్‌ప్రూఫింగ్ కోసం వేసిన రెండంగుళాల పూతలోనే ఆగింది. ఆ పూత స్లాబుకు అతుక్కుని ఉన్నంత వరకే బలం. ఆ షెడ్డు ఎగరడానికి టోర్నడో దాకా ఎందుకు, 90 కి.మీ. గాలి చాలు. అదే కోడ్ ప్రకారం బెంగళూరులో ఏ కట్టడానికైనా మూలంగా తీసుకోవాల్సిన వేగం సెకనుకు 33 మీటర్లు, అంటే గంటకు 119 కి.మీ. సరిగ్గా బిగించిన షెడ్డు అయితే శనివారం గాలికి కదలకూడదు. చెన్నైలో అదే అంకె 50 మీటర్లు, గంటకు 180. ఒత్తిడి లెక్కలో అది మనకు రెండింతలకు పైనే. ఇక్కడి ఫ్యాబ్రికేటర్లు కొందరు చెన్నైకి వెళ్లి ఇదే బేస్ ప్లేటు, ఇవే బోల్టులు వేసి వచ్చారు. వర్దా అప్పుడు వాటి గతి నేను చూశాను.

పడనివాటిని కూడా ఫోటో తీయండి. దీన్ని అందరూ మర్చిపోతారు. గాలి ఎంతకు మించి లేదో చెప్పేది నిలబడినవే. మీ నాలుగో ఫోటోలో వెనక టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు, వాటి పక్కన బట్టలు ఆరేసే రేకు పందిరి చెక్కుచెదరలేదు. గంటకు 200 కి.మీ. గాలిలో ఆ పందిరి ఉండదు. నేను 110 దగ్గర ఆగడానికి కారణం ఆ పందిరే.

ట్యాంకుల విషయంలో నేనూ దెబ్బతిన్నాను. పని మొదలుపెట్టిన రెండో ఏడాది, ఒక ఫ్యాక్టరీ టెర్రస్ మీద నుంచి వెయ్యి లీటర్ల ట్యాంకు ఎగిరి రెండు వందల అడుగుల దూరంలో పడింది. టన్ను బరువున్న ట్యాంకును ఎగరేసిందంటే మామూలు గాలి కాదని లెక్కలన్నీ కట్టి, భారీ అంకెతో రిపోర్టు రాశాను. మా సీనియర్ చదివి, "ట్యాంకులో నీళ్లున్నాయని ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఫోన్ చేస్తే వాచ్‌మన్ చెప్పాడు, కడగడానికి ముందు రోజే ఖాళీ చేశామని. ఖాళీ ట్యాంకు బరువు పాతిక, ముప్ఫై కిలోలు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా వాచ్‌మన్‌తోనే ముందు మాట్లాడతాను.

మీరు సర్వే చేయాలంటే ఈ రోజే చేయండి, రంపాలు రాకముందే. చెట్టు కోసి ట్రాక్టర్ ఎక్కించాక మిగిలేది గొయ్యి మాత్రమే. ప్రతి చెట్టుకూ మూడు ఫోటోలు తీయండి: దూరం నుంచి ఒకటి, వేళ్లది ఒకటి, విరిగిన చోటు ఒకటి. షెడ్డు ఉన్న చోటి నుంచి పడిన చోటికి దూరం అడుగులేసి కొలవండి. టైము తెలియాలంటే సీసీటీవీ చూడండి. వానకు ముందు గాలి ఏ వైపు నుంచి వచ్చిందో కెమెరాలో కొమ్మలు ఊగడం చూస్తే తెలుస్తుంది. ఎయిర్‌పోర్టులో ఎంత గాలి నమోదైందో చూసి "అక్కడ 50 ఏ వచ్చింది కదా" అని వాదించకండి. నాలుగు కిలోమీటర్ల లోపు దెబ్బ కొట్టే డౌన్‌బర్స్టులే ఎక్కువ, పది కిలోమీటర్ల అవతల మీటరుకు మీ గాలి తెలియనే తెలియదు. చెట్ల దగ్గరికి వెళ్లేముందు కరెంటు తీసేశారని లైన్‌మన్ నోట విన్నాకే వెళ్లండి. కొమ్మల్లో చిక్కిన వైరు కనపడదు.

ఇన్సూరెన్స్. ఇళ్లకు 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, గాలివాన, టోర్నడో, వరద అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పేరు ఏదైనా క్లెయిమ్ ఒకటే. అసోసియేషన్ తీసుకునే ఫైర్ పాలసీలో కూడా ఈ ప్రమాదాలు సాధారణంగా ఉంటాయి, ఎవరైనా ప్రీమియం తగ్గించుకోవడానికి తీసేయించారేమో ఒకసారి చూసుకోండి. కారు మీద చెట్టు పడినవాళ్లకు కాంప్రహెన్సివ్ ఉంటే వస్తుంది, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. కాబట్టి లెటర్‌లో "ఈఎఫ్2 టోర్నడో" అని రాయకండి. సర్వేయర్ దాన్ని చదవగానే మిగతా లెటర్‌ని కూడా అనుమానంగా చూస్తాడు. తేదీ, టైము, ఏం పడింది, దేని మీద పడింది, ఫోటోలు. అంతే. వాళ్లు పట్టుకునేది వేరే చోట: షెడ్డు విలువ పాలసీ మొత్తంలో కలిసి ఉందా, తుప్పు ముందే ఉందా, ప్లాన్‌లో లేకుండా కట్టారా. బోల్టుల సంగతి అడిగితే దాచకండి, అది ఎలాగూ ఫోటోలో ఉంది.

టెన్షన్ పడాల్సింది ఏదైనా ఉంటే, ఆ ఫ్యాబ్రికేటరే మీ బ్లాకులో ఇంకెన్ని షెడ్లు వేశాడన్నదే. వాన సీజన్ ఇంకా అయిపోలేదు. పక్క టవర్ షెడ్డు కూడా అతనిదే అని కామెంట్లో ఎవరో రాశారు. వీలైతే ఈ రోజే దాని బేస్ ప్లేటు దగ్గరకెళ్లి, పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. బోల్టు ఎంత లావుందో, ఎక్కడ దిగిందో చూసి చెబుతాను.